గోడవతల గిలక

ఇప్పుడు జైల్లో ఫోన్లున్నాయంట. ఖైదీలు ఇంటికి ఫోన్ సేసి "అన్నం తిన్నావా, పిల్లలు బాగున్నారా" అని అడుగుతారంట. మా మనవరాలు సెప్పింది. "ఓసోస్, పెద్ద ఇడ్డూరం! ఆ రోజుల్లోనే మా పోతమ్మకి ఉండీదిలేవే ఫోను, తీగా నేదు, బిల్లూ నేదు" అన్నాను. పకపకా నవ్వింది గుంట. నవ్వదా మరి, దానికేటి తెలుసు!

విశాఖపట్నం నడిబొడ్డున జైలుండే రోజులవి. ఫిషింగ్ హార్బరు అప్పుడే కొత్తగా కట్టినారు. నాను ఆనందపురం నించి మొగుడి ఎనకాల వొచ్చి, జైలు ఎనక గోడకి ఎదురుగా టీకొట్టు పెట్టినాను. పోతమ్మ జాలారిపేట మనిషి. నెత్తిన సేపల గంప, సంకన కూతురు నూకాలు. మొగుడు సూరన్న జైల్లో. మరబోటోళ్ళు ఈళ్ళ వల మీంచి బోటు తోలీసి ముక్కలు సేసినారని గొడవైతే, సూరన్న తెడ్డెత్తి ఒక్కటేసినాడు. ఆ ఒక్క దెబ్బకే అవతలోడు పోనాడు. యావజ్జీవం ఏసినారు. మంచోడే, కానీ కోపానికి కళ్ళుండవు కదా.

ములాఖత్ అని ఒకటుండీది. ఇనప జల్లెడకి ఇటు మనుషులు, అటు ఖైదీలు, అందరూ ఒక్కపాలే అరుపులు. సేపల బజారు నయం. ఎవులి మాట ఎవులికీ ఇనపడదు. "ఇంత గొంతుండి ఏటి లాభం అప్పా" అని పోతమ్మ నా కొట్టు కాడ కూలబడి ఏడిసీది. నన్ను అక్కని పిలిసినట్టు అప్పా అనీది.

తరవాత సూరన్నని జైలు తోటపనిలో ఏసినారు. కూరమళ్ళకి నీళ్ళు తోడాల. ఆ నుయ్యి సరిగ్గా నా కొట్టుకెదురుగా, గోడవతలే. గిలక కిర్రుమంటే ఇటు ఇనపడీది. ములాఖత్‌లో అరిసి అరిసి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. పిల్ల బాగుంటే పోతమ్మ గోడ పక్కన కరీదు సేప పేరెట్టి "వంజరం" అని కేకెయ్యాల. బాగోకపోతే సవక సేప పేరెట్టి "కవ్వళ్ళు" అనాల. ఇనపడితే ఆడు గిలకని రెండుపాల్లు కిర్రుమనిపించాల. అదీ ఫోను.

రోజూ పొద్దున్నే "వంజరమో... వంజరం!" అని అరిసీది. అలాటి గొంతు పేటంతట్లో దానికొక్కదానికే ఉంది. గోడవతల కిర్రు, కిర్రు. పోతమ్మ మొగం సూడాల అప్పుడు! గంపలో మాత్రం రోజూ కవ్వళ్ళే. దానికి వంజరం ఎక్కడినించొస్తాది? జైలు క్వార్టర్సు అమ్మగార్లు గిన్నెలట్టుకుని పరిగెత్తుకొచ్చి "వంజరమని అరిచి కవ్వళ్ళమ్ముతావేమే, కళ్ళు నెత్తికెక్కాయా?" అని తిట్టీవోరు. "ఇప్పుడే అయిపోనాయమ్మా" అనీది, నవ్వాపుకుంటా. నానూ నవ్వీదాన్ని.

జరమొస్తే తలకి గుడ్డ సుట్టుకుని వొచ్చీది. గాలివానకి పెంకులెగిరిపోతంటే ఎండు సేపలట్టుకుని వొచ్చి మరీ అరిసింది. "నీకేటి పిచ్చా, ఈ వానలో ఎవులు కొంతారే!" అని తిట్టినాను. "నాను అరవకపోతే ఆడికి ముద్ద దిగదు అప్పా" అంది.

ఆ యేడు వానాకాలం పేటలో వాంతులూ బేదులూ. నూకాలుకి సాయంత్రం మొదలైనాది. ఆస్పత్రికి మోసుకెల్లేతలికే పిల్ల సల్లబడిపోనాది. నా కొట్టు బల్ల మీద కూకుని బన్ను తినీది, సగం ముక్కలు కాకులకి ఏసీది.

మైల రోజులన్నీ పోతమ్మ గంప ముట్టనేదు. ఆళ్ళింట్లో అంతే, సావైతే మైల తీరేదాకా గంప ఎత్తరు. తీరినాక వొచ్చి గోడ కాడ నిలబడింది. నాను పొయ్యి కాడ నించి సూత్తన్నాను, కవ్వళ్ళంటాదో ఏటంటాదోనని.

"వంజరమో... వంజరం!"

గోడవతల సేనాసేపు సప్పుడు నేదు. తరవాత కిర్రు, కిర్రు.

"ఇదేటే, ఎన్నాళ్ళు దాత్తావు?" అన్నాను.

"ఆడి పేనమంతా దానిమీదే అప్పా. తెలిస్తే ఆ నూతిలోనే దూకీత్తాడు" అంది.

ములాఖత్‌కి ఎల్లడం మానీసింది. గొంతు అబద్ధమాడతాది గానీ మొగానికి అబద్ధం రాదంది. రెండేళ్ళ పైనే, సచ్చిపోయిన పిల్ల బాగుందని రోజూ కేకేసింది. అమ్మగార్లు తిడితే తల దించుకునీది. నాకూ నవ్వు రానేదు మరి.

ఒకరోజు గిలక పలకనేదు. మర్నాడూ నేదు. "తెలిసిపోనాదప్పా, నా మీద కోపమొచ్చీసింది" అని గోడకి తల కొట్టుకుంది. టీకొచ్చిన జైలు వార్డరుని నానే అడిగినాను. సూరన్నని రాజమండ్రి జైలుకి మార్చీసినారంట. "ములాఖత్‌కి ఎవులూ రాకపోతే ఎవులికి సెప్తాం?" అన్నాడు.

దాన్ని ఒంటిగా పంపలేక నానూ రాజమండ్రి ఎల్లినాను. అక్కడా జల్లెడే, కానీ ఆ రోజు జనం నేరు. సూరన్న తల నెరిసిపోనాది. పోతమ్మ నోరిప్పుతూనే "నూకాలు బాగుంది, బడికి..." అంది.

"ఊరుకోయే పోతీ" అన్నాడు ఆడు. "నాకు తెలుసు."

ఇది గుడ్లప్పగించి సూసింది.

"జరానికి ఆగనేదు, గాలివానకి ఆగనేదు. అప్పుడు అన్ని రోజులు నీ కేక ఇనపడనేదు. మైలకి కాపోతే గంప దించుతావేటే నువ్వు? మళ్ళీ నీ గొంతు ఇనపడ్డాది, అంటే నువ్వున్నావు. మనింట్లో ఇంకెవులున్నారే పోడానికి?"

ఓలమ్మో, ఆ ముక్క నాకెందుకు తట్టనేదు! అన్నేళ్ళు గోడ కాడే కూకున్నాను కదా.

"మరి గిలకెందుకు లాగినావు?" అంది పోతమ్మ.

"నాను లాగకపోతే నువ్వు బతుకుతావేటి?"

అప్పుడు పట్టుకున్నారు ఇద్దరూ ఆ జల్లెడని, ఇది ఇటు, ఆడు అటు. నూకాలూ అని పిల్ల పేరెట్టి ఏడవడం మొదలెట్టినారు. అంతలోనే బెల్లు కొట్టీసినారు. వార్డరు ఆడి బుజమట్టుకుని లోపలికి తీసుకుపోనాడు.

తిరుగు బస్సు తుని దాటినాది. పోతమ్మ నా సెయ్యట్టుకుని అంది, "ఏడవడానికీ టైము సాల్నేదప్పా."