కేక్ ఆంటీ యుకులేలేకు కమాను పట్టించిన వైనం

కాజీపేట రైలింజన్లు ఇంకా బొగ్గు తింటున్న ఆ రోజుల్లో నాకు పదిహేడేళ్లు. ఏ వస్తువు కనబడినా వాడుకోవాలనిపించేది కాదు, విప్పి చూడాలనిపించేది. ఆ జబ్బు మా మేనమామ నుంచి అంటింది. ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. జేబులో పానా లేనిదే పెళ్లి భోజనానికి కూడా కదలడు కనుక చుట్టాలందరికీ పానా మామ. ఇంటర్ చదవడానికి నేను ఆయన క్వార్టర్లోనే ఉండేవాణ్ణి. (చదువు సంగతి మాత్రం అడగకండి.)

ఆ ఏడు నాకు వయొలిన్ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. హనుమకొండలో ఒక పంతులుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడితే, ఆయన నా వేళ్లు తిప్పి చూసి, "వేళ్లు మంచిగనే ఉన్నయి గని, వాద్యమేది? ముందు అది తెచ్చుకో, అప్పుడు చూద్దాం" అని పంపేశారు. వయొలిన్ కొనే స్తోమత మాకెక్కడిది? సరిగ్గా అప్పుడే వెనక వీధి కేక్ ఆంటీ కంటి ఆపరేషన్‌కని సికింద్రాబాదులో చెల్లెలి ఇంటికి బయలుదేరింది. (క్రిస్మస్‌కు ఇంటింటికీ కేకు పంచే ఆంగ్లో ఇండియన్ ముసలావిడ.) పోతూ పోతూ, ఇంజన్ డ్రైవరుగా చేసి కాలం చేసిన భర్త యుకులేలేను నా చేతుల్లో పెట్టి, "జర పైలంగ చూడు బాబూ, ఎలుకలు కొరుకుతయి" అంది. చంకలో ఇమిడిపోయే బొమ్మ గిటారులాంటి వాద్యమది. వేళ్లతో మీటాలి. కానీ నా కళ్లు తీగల మీదే ఆగిపోయాయి. నాలుగు! వయొలిన్‌కూ నాలుగే!

మామకు చూపించాను. "ఇంకేంది మరి! కమానుతోని గీస్తే ఇదే వయొలినైతది" అన్నాడు. "ఆంటీది గదా మామా" అని నసిగితే, "మల్ల ఎట్లుండెనో అట్ల పెడదాంరా, ఫికర్ చెయ్యకు" అని పానా తీశాడు.

వెదురుబద్దతో కమాను చేశాం. దానికి వెంట్రుకలు కావాలని స్టేషన్ ముందు టాంగావాలాను బతిమాలాం. "పాట మనిషి పాడుతడా, నా గుర్రం పాడుతదా?" అని ఆశ్చర్యపోతూనే తోకలోంచి ఒక పాయ కత్తిరించి ఇచ్చాడు. తీరా గీస్తే ఉసూరుమని గాలి తప్ప నాదం లేదు. నైలాన్ తీగల మీద వెంట్రుకలు జారిపోతున్నాయి. రేడియో రిపేరు షాపులో టంకానికి వాడే రోజిన్ అనే గట్టి జిగురు ముక్క అడిగి తెచ్చి కమానుకు రుద్దాం. ఈసారి నాలుగు తీగలూ ఒక్కసారే గొంతెత్తాయి. వంటింట్లోంచి అత్త గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఎవలి బర్రె ఈనుతాంది?"

మామ రాత్రి అన్నం కూడా మరిచిపోయి ఆలోచించాడు. మర్నాడు నన్ను పంతులుగారి కిటికీ దగ్గరికి పంపాడు. అక్కడ తొంగి చూస్తే తెలిసింది: వయొలిన్ తీగల కింద ఉండే బ్రిడ్జి నడుమ ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంది. మనది బల్లపరుపు. టేకు ముక్కను అలా వంపుగా చెక్కి పెడితే ఒక్కో తీగ విడివిడిగా పలికింది! జలుబు చేసినవాడు దుప్పటి కప్పుకుని పాడినట్టున్న గొంతు. ఆ గొంతు అంతకుముందు లోకంలో ఎవరూ విని ఉండరని మా ఇద్దరికీ గట్టి నమ్మకం. ఇక యుకులేలే మెడ మీద అడ్డంగా ఉన్న ఇత్తడి కడ్డీలు వేలు జారనివ్వడం లేదని, వాటిని కూడా కటింగ్ ప్లయరుతో పీకి జర్దా డబ్బాలో వేశాం. ఆదివారం పంతులుగారి దగ్గరికి వెళ్లాలని నిర్ణయం.

శనివారం మధ్యాహ్నమే గుమ్మం ముందు రిక్షా ఆగింది. కేక్ ఆంటీ. "నల్లద్దాలున్నయి, కానరాదులే" అని మామ నా చెవిలో ఊదాడు. ఆవిడ యుకులేలేను ఒళ్లోకి తీసుకుంది. ఎడమచేతి వేళ్లు మెడ మీదుగా పైకి వెళ్లాయి, ఆగాయి, కిందికొచ్చాయి, మళ్లీ వెళ్లాయి.

"కడ్డీలేవి?"

మామ డబ్బా తెచ్చాడు. చేతిలో అది గలగలమంటోంది.

"దేనికి తీసినరు?"

పంతులుగారు, నాలుగు తీగలు, గుర్రం తోక అన్నీ చెప్పేశాను. ఆవిడ యుకులేలేను నా చేతికిచ్చి, "అట్లయితే వాయించు, వింట" అంది. పంతులుగారి కిటికీ దగ్గర విని పట్టుకున్న రెండు సరళీ వరుసలు గీశాను. "మా ఆయన బండి ఆపినప్పుడు బ్రేకు గిట్లనే అరిచేది!" అంటూ ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. "ఆపరేషనైన కన్ను, నవ్వొద్దు ఆంటీ" అని అత్త మొత్తుకున్నా ఆగలేదు. ఆగాక యుకులేలేను నా చేతిలోంచి తీసుకుని, ఆ చెక్క నిమురుతూ అంది. "ఆయన ఉంటే మీతోని కూసోని తనే పీకేటోడు. గని ఆయన లేడు గద బాబూ. మల్ల ఎట్లుండెనో అట్ల చేసియ్యాలె."

అప్పుడు వేసింది నాకు సిగ్గు.

మామ మూడు రోజులు కూర్చున్నాడు. అన్నీ కుదిరాయి, ఒక్క కడ్డీ మాత్రం వంకరగా నిలిచింది. సాయంత్రాలు ఆంటీ వరండాలో వాయిస్తుంటే ఆ స్వరం దగ్గర 'జుయ్' మనేది. వెంటనే పాట ఆపి, వీధంతా వినబడేలా "ఇంటున్నవా బాబూ?" అనేది. నేను పుస్తకంలో తల దూర్చేవాణ్ణి.

ఉద్యోగమొచ్చాక అసలైన వయొలినే కొన్నాను. పంతులుగారు రెండేళ్లు ఓర్చుకుని, "నువ్వు వినుడే మంచిది" అని దీవించారు. మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎవరో యుకులేలే అంత చిన్న వాద్యాన్నే కమానుతో వాయించేలా తయారుచేశారు. మూడుసార్లు పెట్టించుకుని చూశాను.

"పాట అంత నచ్చిందా తాతా?" అంది.

"పాట ఇనలేదు బిడ్డా," అన్నాను, అద్దాలు సర్దుకుంటూ. "ఆ బ్రిడ్జి ఎంత ఎత్తు పెట్టిండ్రో చూస్తున్న. ఇంకొక్కసారి పెట్టు."