గీత కింది వాక్యం

మా బావను వీధిలో అందరూ మసి మాస్టారంటారు. జన్మలో ఎవరికీ ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదాయన. కుడిచేతి వేళ్లకు ఎప్పుడూ నల్ల సిరా, ముఖంలో ఎప్పుడూ తప్పులు దిద్దే కళ, అందుకని ఆ పేరు. ఉద్యోగం ప్రభుత్వ రికార్డుల ఆఫీసులో. కాగితాలు బయటికి వెళ్లేముందు వాటిలోని రహస్యాల మీద నల్లగీత గీయడమే ఆయన పని. ఇరవై రెండేళ్లుగా అదే. "ఈయన చేతికి శుభలేఖ ఇచ్చినా పెళ్లికొడుకు పేరు కొట్టేస్తారు" అని మా అక్క ఆటపట్టించేది.

మూడేళ్ల క్రితం ఒక ప్రైవేటు కంపెనీ సైన్యం కోసం ఉపగ్రహాలు తయారుచేయడం మొదలుపెట్టింది. ఒకటీ రెండూ కాదు, భూమి చుట్టూ వల పరిచినట్టు నాలుగు వందలు. అక్కడ ఏం జరుగుతోందో జనం తరఫున చూడటానికి ప్రజాప్రతినిధుల కమిటీ ఒకటి వేశారు. తనిఖీ అధికారి ఫ్యాక్టరీకి వెళ్లి రాసిన నివేదిక ముందు మా బావ బల్ల మీదికి వచ్చేది, గీతలు పడ్డాకే కమిటీకి వెళ్లేది. కాపలా పెట్టినవాళ్ల కళ్లకే గంతలు కట్టడమన్నమాట. ఈ మాట నేనంటే బావకు ఒళ్లు మండేది.

"రూలు రూలేరా. నీకేం తెలుసు?" అని కసిరేవాడు.

రహస్యంగా ఉంచాల్సిన మాటల జాబితాను కంపెనీయే పంపేది. మిగతా గుమాస్తాలు ఆ మాట ఒక్కటే కొట్టేసి ఊరుకునేవాళ్లు. మా బావ మాత్రం ఆ మాటున్న వాక్యం మొత్తం కొట్టేసేవాడు. పక్క మాటల్ని బట్టి ఎవరైనా పోల్చుకుంటారేమోనని ఆయన జాగ్రత్త. తన చేతిలోంచి ఒక్క రహస్యమూ జారలేదని మహా గర్వం కూడా.

ఆ జాబితాలో ఉపగ్రహాల్లో నింపే ఇంధనం పేరుంది. నివేదిక నలభై ఒకటో పేజీలో ఆ పేరుతో ఒక వాక్యముంది. ఆ ఇంధనం నింపే గదిలో విషపు ఆవిరిని బయటికి లాగే ఫ్యాను పనిచేయడం లేదని, బాగుచేసేదాకా అక్కడ ఎవరినీ పనిలో పెట్టకూడదని. బావ చదివాడు. చదివి, అలవాటు కొద్దీ వాక్యమంతా కొట్టేశాడు. ఏదైనా ఉంటే కమిటీవాళ్లే అడుగుతారులే అనుకున్నాడట. కనిపించనిదాన్ని వాళ్లు ఎలా అడుగుతారు?

ఏడాది తర్వాత ఒకావిడ ఆయన కౌంటరు దగ్గరికి వచ్చింది. ఆవిడ భర్త ఆ గదిలోనే ఇంధనం నింపే పనివాడు. ఊపిరాడక ఆసుపత్రిలో పడున్నాడు. ఏం పీల్చాడో తెలిస్తే తప్ప సరైన మందు ఇవ్వలేనని డాక్టరు అన్నాడు. కంపెనీని అడిగితే దేశభద్రత అని నోరు మూసుకుంది. ఆవిడ అర్జీ పెట్టి నివేదిక తెప్పించుకుంటే, కావలసిన చోట నల్లగీత ఉంది.

"ఈ గీత కింద ఏముంది సార్? కాగితం ఇవ్వక్కర్లేదు. నోటితో చెప్పండి, చాలు."

"మాకూ తెలీదమ్మా" అన్నాడు మా బావ.

ఆ సాయంత్రం ఇదంతా మా ముందు కక్కేశాడు. చెబితే ఉద్యోగం ఊడుతుంది, జైలు కూడా. అక్క బెంబేలెత్తిపోయింది. నేను ఊరుకోలేకపోయాను.

"నువ్వసలు మనిషివేనా బావా?" అన్నాను.

ఎప్పటిలా నా మీద విరుచుకుపడి ఉంటే బాగుండేది. ఆయన తలొంచుకున్నాడు. నాకు భయమేసింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి డాక్టరుకు ఇంధనం పేరు చెప్పి వచ్చాడు. మందు మారింది. పది రోజులకు ఆ మనిషి గండం గడిచి బయటపడ్డాడు, నాలుగు మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమే అయినా.

తర్వాతి ఆదివారం ఆవిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వేళ్లకు సిరా అంటిన పెద్దాయన వచ్చి చెప్పాడని డాక్టరు అంటే, ఎవరో పోల్చుకుందట.

"మీరు లేకపోతే మా ఆయన దక్కేవారు కాదు సార్" అంటూ చేతులు జోడించింది. బావ ఆ చేతుల వైపు చూడలేకపోయాడు.

"ఆ గదిలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. అందరికీ దగ్గే. కలిసి కమిటీకి అర్జీ పెడదామంటున్నారు. భయపడకండి, మీ పేరు మాత్రం ఎక్కడా రానివ్వను."

అక్క గుమ్మంలో నిలబడి, వద్దన్నట్టు బావకు కళ్లతోనే చెబుతోంది.

"నా పేరు రాయండమ్మా" అన్నాడు బావ. "ఆ గీత గీసింది నేనే. చదివే గీశాను. ఆ రోజు కౌంటరు దగ్గర మీతో అబద్ధమాడాను. అదీ రాయండి."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆవిడ జోడించిన చేతులు మెల్లగా దించుకుంది.

"ఎప్పుడు గీశారు సార్?"

బావ తడుముకోకుండా తేదీ చెప్పాడు.

"మా ఆయన్ని ఆ గదిలో వేసింది ఆ తర్వాతి నెల" అంది.