సూర్యాపేట వానలో ద్రాక్ష తొక్కుల చెప్పులు

మా మేనత్త యాదమ్మను సూర్యాపేటలో, నిండిన హాలు ముందు, ఒట్టి కాళ్లతో నిలబెట్టిన ఘనత నాదే. చెబుతాను, హాయిగా నవ్వుకోండి. పరువు ఎలాగూ ఆ రోజే పోయింది.

అప్పుడు నేను కోదాడలో ఇంజనీరింగ్ కాలేజీలో బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వైన్ తయారీలో రసం పిండాక పారేసే ద్రాక్ష తొక్కుల మీద నా ప్రాజెక్టు. తొక్కులు ఉడికించి, వడగట్టి, ఆ నీళ్లలో వెనిగర్‌లో ఉండే రకం బ్యాక్టీరియాను వదిలితే, అవి అందులోని తీపి తిని పైన మీగడలాంటి తెల్లటి పొర నేస్తాయి. దూదిలో ఉండే సెల్యులోజే అది. ఎండబెడితే అచ్చం తోలు! చెత్తలోంచి తోలు తీసిన నాకు కాళ్లు భూమ్మీద ఆనలేదు.

అత్తకు మిర్యాలగూడలో టైలరింగ్ షాపు. పొరలు పట్టుకెళ్లి చెప్పులు కుట్టమన్నాను.

"ఇది తోలా, అప్పడమా?" అంది.

"తోలును మించింది, అత్తా! సైన్స్ ప్రదర్శనలో నువ్వే తొడుక్కొని నడవాలె."

"నీళ్లల్ల తడిపి సూసినవా?"

"అన్ని పరీక్షలూ అయినయ్. నా మీద నమ్మకం లేదా?"

లాగి చూశాను, మడిచి చూశాను. తడపడం మాత్రం మరిచాను. నీళ్లలో పుట్టిన పదార్థం నీళ్లను చూస్తే ఊరుకుంటుందా?

ప్రదర్శన రోజు సూర్యాపేటలో బస్సు దిగగానే వాన. హాలు చేరేసరికి అత్త చెప్పులు గారెల్లా ఉబ్బాయి.

"ఏందే పిల్లా, కాళ్ల కింద తాటిముంజలు కదుల్తున్నయ్!"

"నాలుగడుగులే అత్తా, జర ఓపిక పట్టు."

వేదిక ఎక్కిన మూడో అడుగులో కుట్లు తెగాయి. ఒక చెప్పు జర్రున జారి న్యాయనిర్ణేత బల్ల కిందికి పోయింది. రెండోది వేదిక మీదే చతికిలబడింది. హాలంతా నవ్వు. అత్త నన్ను చూసిన చూపుకు ఆ బ్యాక్టీరియా కూడా చచ్చి ఉంటుంది.

ఏడుపు ఆపుకుంటూ ముక్కలు ఏరుతుంటే, తిరుమలగిరి నుంచి వచ్చిన రైతు వీరయ్య ఒక ముక్క తీసి పిండాడు. నీరు కారింది. మళ్లీ పిండాడు. మళ్లీ కారింది.

"బిడ్డా, ఇది గిన్ని నీళ్లు దాసుకుంటదా? మా బోరు ఎండకాలం ఎత్తిపోతది. నిమ్మ మొక్కల మొదళ్లల్ల పెడితే ఎట్లుంటది?"

నా బుర్రకు ఆ ఆలోచన ఎన్నడూ తట్టలేదు. ఈసారి పొరలను ఎండబెట్టకుండా మందంగా పెంచి ఆయన చేలో పెట్టాం. కొన్ని కుళ్లాయి, కొన్నిటిని చీమలు కొరికాయి. అయినా పొర పెట్టిన మొక్కల్లో ఎక్కువ భాగం ఆ ఎండాకాలం పచ్చగానే దాటాయి. ఇప్పుడు అదే నా పని. పొరలు పెట్టే గుడ్డ సంచులు కుట్టేది అత్తే. మొదటి రోజే షరతు పెట్టింది:

"మొక్కలకైతే ఎన్నంటే అన్ని కుడ్త. అవి బయట జెప్పుకోవు."

అందుకే, చదువరులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై నేనేం కనిపెట్టినా ముందు నేనే తొడుక్కుని, బకెట్ నీళ్లలో పూటంతా నిలబడి, ఆ తర్వాతే బంధువుల గడప తొక్కుతాను.