నాకు మిగిలిన ఏడు లాటిన్ మాటలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ పత్రిక చదివేవాళ్లలో లాటిన్ వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలియదు గానీ, మంగంపేట గనుల్లో ముగ్గురాయి ఏరి బతికిన ఈ దేవదానం నలభై దినాల్లో ఆ భాష నేర్చి, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన ఆది సంఘపు హతసాక్షి ఒకామె చరిత్రను కళ్లద్దాలు లేకుండా చివరిదాకా చదివి, చదువు మొదలుపెట్టిన దినం నుండే సారా మానుకున్నాడు. దేవునికే మహిమ.

అంతకు ముందు నా బతుకంతా చీకటే. సాయంత్రం పని దిగితే నా కాళ్లు ఇంటివైపు తిరిగేవి కావు, కడుపులో పుండు పడి నెత్తురు కక్కుకున్నాను, ఇంకా తాగితే మనిషి దక్కడని డాక్టరు నా భార్య మరియమ్మకు చెప్పేశాడు, ఆ మాట విన్న దిగులుతో ఆ సాయంత్రం కూడా తాగినాను.

మా ఊళ్లో సంఘ కాపరి సేవ నుండి విశ్రాంతి తీసుకున్న ముసలి అయ్యగారు ఒకాయన ఉండేవారు. ఆయనకు చూపు పోయింది. వయసులో ఉండగా సెమినరీలో చదివిన ఒక లాటిన్ పుస్తకాన్ని, విశ్వాసం కోసం చెరలో పడిన తల్లి కథను, కన్నుమూసేలోపు ఇంకొకసారి వినాలని ఆయన ఆశ. నన్ను పిలిపించారు. "దేవదానం, బస్తాల మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుకుతావు కదప్పా. పొద్దుగూకే యాళకు వచ్చి నాకు కండ్లుగా ఉండు" అన్నారు. నేను సారా అంగడికి పోయేది సరిగ్గా ఆ వేళకేనని ఆయనకు తెలుసు.

నేను ఒక్కో అక్షరం చెబితే ఆయన కలుపుకొని మాట పలికేవారు. అర్థం గుర్తు రాకపోతే పుస్తకం చివరి పేజీల్లో వెదికేవాణ్ణి, అక్కడి మాటల పట్టీ పక్కన ఒకప్పుడు ఆయనే సిరాతో తెలుగు అర్థాలు రాసుకున్నారు. కార్కెర్ అంటే చెర. సితిస్ అంటే దాహం. ఆక్వా అంటే నీళ్లు. గనిలో రాయిని చేతిలో ఎత్తి బరువు చూసి గంపలో వేసినట్టే, ఒక్కో మాటను ఎత్తి చూసి వేసుకున్నాం. ఒక్క వరసకు ఒక సాయంత్రం పట్టిన దినాలున్నాయి.

ఇంత రాసినాక ఒప్పుకోకపోతే పాపం. నలభై దినాలు కాదు, రెండు వేసవులు పట్టింది. కళ్లద్దాలు ఉన్నాయి, ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాను. చదివింది అయ్యగారే, నాకు మిగిలినవి ఏడు మాటలు. సారా కూడా మొదటి దినమే మానలేదు.

ఒక దినం తోటి పనివాడి పెండ్లిలో తాగి, అట్లాగే అయ్యగారి అరుగెక్కినాను. అక్షరాలు ఈదుతున్నాయి. కథలో ఆ తల్లి చెరలో ఉంది. మాటలు దొరకక నేనే కల్పించి, "తలుపు తెరుచుకునింది అయ్యగారూ, బిడ్డను ఎత్తుకొని ఇంటికి పోయింది" అన్నాను.

ఆయన నా చేతుల్లోని పుస్తకాన్ని తడిమి మూశారు. "శానా బాగుండాదప్పా. కానీ ఆయమ్మ ఇంకా చెరలోనే ఉండాది. నువ్వూ ఆడనే ఉండావు. రేపు రా, యాడ ఆగినామో ఆడి నుండే చదువుదాం" అని, నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించారు: "ప్రభువా, వీడు నా కండ్లు. నా కండ్లను కాపాడు."

సహోదరులారా, ఆ మాటకు నేను విరిగిపోయినాను. మరుసటి సాయంత్రమే స్నానం చేసి వెళ్లి పుస్తకం తెరిచాను, ఆ దినం నుండి నేటిదాకా చుక్క ముట్టలేదు. అయ్యగారు కథ చివరి మాట దాకా విని, పుస్తకాన్ని నా చేతుల్లోనే ఉంచి, ఆ చలికాలంలో ప్రభువునందు నిద్రించారు. మీలో ఎవరైనా నేను పడినచోటే పడి ఉంటే, దేవుణ్ణి నమ్ముకోండి. ఆయన నాకు ఒక సాయంత్రానికి ఒక మాట చొప్పునే ఇచ్చాడు, అదే చాలింది.

పంపేముందు ఈ కాగితాలు మరియమ్మకు చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తూ అంతా విని, ఆమె తల కూడా ఎత్తకుండానే అంది.

"మరుసటి దినం నువ్వు యాడ పోతివి? సిగ్గని దుప్పటి ముసుగేసుకొని పండుకోనుంటివి. ఆ పెద్దాయన ఎదురుచూస్తాంటే నేను పోయి కూర్చుంటి. నాకు అక్షరం రాదు, ఆయప్పకు కండ్లు లేవు. పుస్తకం మధ్యలో పెట్టుకొని ఊరికే కూర్చుంటిమి, మూడు దినాలు. నాలుగో దినం నువ్వు వస్తివి. ఆ మూడు దినాలు కూడా రాయి."