పక్కింటి ఆంప్లిఫైయర్

నా చిన్నప్పుడు నాకున్న గొప్ప ఒక్కటే, మా ఇంట్లోని ఆంప్లిఫైయర్. దాన్ని మా చిన్నమ్మ స్వయంగా చేసింది. ఆమె మా అమ్మకు చెల్లెలు. హైదరాబాదులో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చాలాకాలం పనిచేసి, అది మూతపడ్డాక మా ఊరు కనకమామిడికి, మా దగ్గరికే వచ్చి ఉండిపోయింది. ట్రాన్సిస్టర్లు, తీగలు, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి ఒక పాత రేకు డబ్బాలో బిగించింది. చూడడానికి ఏమీ బాగుండేది కాదు. అయినా పొలం పనులు ముగిశాక వాడకట్టు వాళ్ళంతా పాటలు వినడానికి మా ఇంటికే వచ్చేవాళ్ళు. వాళ్ళకు చాపలు పరవడం నా పని. ఆ పని ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఫాంహౌస్‌ల కోసం మా వైపు భూములు కొంటున్న రోజులవి. పక్కింటి వాళ్ళు రోడ్డు మీది చెలక అమ్మారు. ఆ వేసవిలో వాళ్ళింటికి నల్లగా మెరిసే కొత్త ఆంప్లిఫైయర్ వచ్చింది. ముందు నీలం దీపాలు, పక్కన నా భుజమెత్తు స్పీకర్లు. జనం వాళ్ళ వాకిట్లోకి మారిపోయారు. నా ఈడుదే అయిన వాళ్ళ పిల్ల చాపలు దులిపి పరుస్తుంటే చూడలేక తలుపు వేసుకునేదాన్ని. తలుపు వేసినా పాట వినబడేది. అది ఇంకా మంట.

"చిన్నమ్మా, వాళ్ళదాంట్ల గజ్జెల చప్పుడు గూడ ఇనబడ్తది. మనది మెత్తగ పాడ్తది" అన్నాను ఒకరోజు, ఏడుపు ఆపుకుంటూ.

"అట్లనా? పోయి ఇందాం పా" అంది.

చిన్నమ్మ వాళ్ళ వాకిట్లో కూర్చుని రెండు పాటలు వింది. ఈలోగా వాళ్ళ అవ్వ కొంగుతో చెవులు మూసుకుంది. "దుకాణంల బాగనే ఉండె బిడ్డా. ఇంటికొచ్చినంక జరసేపటికే తల నొస్తున్నది" అంది. నాకు లోలోపల పండగైంది.

చిన్నమ్మ ఆమెను అడిగి వాళ్ళ ఆంప్లిఫైయర్ మూత విప్పింది. నన్నూ వాళ్ళ పిల్లనూ దగ్గరికి పిలిచింది.

"దీంట్ల ట్రాన్సిస్టర్లు వంతులేస్కొని పనిజేస్తయి. ఒకటి పాటను మీదికి నూకుతది, ఇంకొకటి కిందికి గుంజుతది. మీరిద్దరు నీళ్ళబిందె చేతులు మార్చుకుంటుంటే, ఒకరు పట్టకముందే ఇంకొకరు ఇడిస్తే ఏమైతది?"

"ఒల్కుతయి" అంది పక్కింటి పిల్ల. నాకంటే ముందు చెప్పినందుకు కూడా నాకు కోపం వచ్చింది.

"గదే. ఇది జర తొందరపడి ఇడుస్తున్నది. చిన్నచిన్న చప్పుళ్ళన్ని ఆ చేతులు మారేకాడనే ఉంటయి. అవి గీసుకపోయి గరగర వస్తది. ఆ గరగరనే మనం గజ్జెలనుకుంటున్నం."

రెండూ ఎప్పుడూ కొంచెం పట్టు విడవకుండా ఉండాలట. అందుకే ఊరికే ఉన్నా కాస్త వెచ్చబడతాయట. మా డబ్బా వెనకనున్న అల్యూమినియం రేకు ఎప్పుడూ కోడి రెక్క కిందలా వెచ్చగా ఎందుకుండేదో అప్పుడు తెలిసింది. చిన్నమ్మ మా ఇంటి నుంచి తన మీటర్ తెచ్చి, దాన్ని చూస్తూ లోపలి చిన్న మరను ఇంతింత తిప్పింది, వేడెక్కేదాకా ఆగింది, మళ్ళీ తిప్పింది. తర్వాత అదే పాట పెట్టింది. గజ్జెలు గొంతు వెనక్కి, దూరంగా, ఒక్కొక్కటిగా వెళ్ళి నిలబడ్డాయి. పాడే ఆమె చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. అవ్వ కొంగు వదిలి గోడకు చేరగిలబడింది.

నేను ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "మనదాని గుణం వాళ్ళకెందుకిచ్చినవ్?" అన్నాను.

"ఇస్తె మనది తగ్గిందా?"

"తగ్గింది."

చిన్నమ్మ మర్నాడు మా రేకు డబ్బాను పక్కింటికి మోసుకెళ్ళింది. రెండింటినీ దుప్పటి చాటున పెట్టి, వాళ్ళ స్పీకర్లకే వంతులవారీగా కలిపి, మీటర్‌తో చప్పుడు సమానం చేసింది. "ఒకటి జర గట్టిగున్నా అదే మంచిగున్నట్టు అన్పిస్తది" అంది. ఒకే పాటను ఒకదాని తర్వాత ఒకదాంట్లో వినిపించి, ఏది ఎవరిదో చెప్పమంది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. రెండోది మాదేనన్నాను, ఒట్టు కూడా పెట్టుకున్నాను. పక్కింటి పిల్ల మొదటిది వాళ్ళదంది. దుప్పటి తీస్తే రెండోది వాళ్ళది, మొదటిది మాది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ పిల్లకు నవ్వొచ్చింది. నాకు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

అసూయ ఆ రోజుతో పోయిందని చెప్పను. ఇప్పుడు నాకు చేవెళ్లలో బట్టలు కుట్టే దుకాణం ఉంది. ఎదురుగా ఈమధ్యే ఇంకొక అమ్మాయి దుకాణం తెరిచింది. ముడతలు పడకుండా జాకెట్టుకు చెయ్యి ఎట్ల ఎక్కించాలక్కా అని అప్పుడప్పుడు వచ్చి అడుగుతుంది. ప్రతిసారీ నా లోపల కలుక్కుమంటుంది. అయినా ఆమెను మిషన్ ముందు కూర్చోబెట్టి, గుడ్డ చేతికిచ్చి, మొదటి నుంచి చూపిస్తాను.