కుంచెతో వేసిన పరికిణీ

మొన్న గుడివాడలో బస్సు దిగి తలెత్తేసరికి ఎదురుగా ఫ్లెక్సీలో మా మనవరాలు, నిక్కరూ బనీనూ వేసుకుని, మోకాలి మీద ప్లాస్టరుతో సహా, బంతి పట్టుకుని నిలువెత్తున నవ్వుతోంది. హైస్కూలు ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌లో రాష్ట్రానికే ఉత్తమ క్రీడాకారిణి అని దానికి బహుమతి వచ్చింది. నా కళ్లు చెమర్చిన మాట నిజమే. కానీ వాళ్లింట్లో అడుగు పెట్టగానే మా అమ్మాయి, "నీకూ ఇదే బహుమతి వచ్చిందిగా అమ్మా, నీ ఫొటో ఇవ్వు, పక్కన వేయిద్దాం" అనేసరికి అబద్ధమాడేశాను. ఎక్కడో పడిపోయిందన్నాను. ఎక్కడికి పోతుంది, బందరులో మా బీరువా వెనక నేనే దాచాను.

మా రోజుల్లో బందరు బడిలో పరికిణీలు ఎగదోపుకునే ఆడేవాళ్లం. రాష్ట్ర పోటీలకు మాత్రం నిక్కర్లు తప్పవన్నారు మా ఆటల టీచరుగారు. తొమ్మిదో తరగతిలో నేను అలా నిక్కరుతో గాల్లోకి లేచి బంతి వేస్తుండగా తీసిన ఫొటోనే, బహుమతితో పాటు ఫ్రేము కట్టించి ఇచ్చారు. ఎదురింటి పిన్నిగారు అప్పటికే, "పిల్ల కాళ్లు ఊరంతా చూసిందటగా వదినా" అని ఓ మాట విసిరి వెళ్లారేమో, అమ్మ ఆ ఫొటోను ట్రంకుపెట్టెలో చీరల అడుగున తోసేసింది. గుమాస్తా ఉద్యోగం చేసుకునే మా నాన్నగారు దాన్ని బయటికి తీసి, చంకలో పెట్టుకుని స్టూడియోకి వెళ్లారు. పోయినవాళ్ల మెడలో నగలూ, బట్టతల మీద జుట్టూ కుంచెతో దిద్దే రోజులవి. ఆ స్టూడియో ఆయన నా నడుం నుంచి మడమల దాకా చక్కగా పరికిణీ వేసిపెట్టాడు. దానికి నా పండగ పరికిణీకున్న మామిడి పిందెల అంచే కావాలని నాన్నగారు పక్కన కూర్చుని మరీ వేయించారట! ముందుగదిలో తగిలించి, ఇంటికొచ్చిన వాళ్లకు కాఫీ కంటే ముందు అదే చూపించేవారు.

ఒకసారి అవనిగడ్డ నుంచి, రాష్ట్ర పోటీల్లో నాతో ఆడిన మా జిల్లా జట్టు పిల్లలు వచ్చారు. "ఇదేంటే, ఇంత పరికిణీతో ఎలా ఎగిరావే!" అని మా కెప్టెన్ పడీపడీ నవ్వింది. మెచ్చుకుంటోందనుకుని పక్కనే ఉన్న నాన్నగారూ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాటి నుంచి మళ్లీ కోర్టు వైపు వెళ్లలేదు, నన్నెవరూ వద్దనకపోయినా. మరుసటి ఏడు పోటీలకని నాన్నగారు కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చి, ఎందుకమ్మా ఆడటం లేదు అనడిగితే, పదో తరగతి కదండీ, చదువుకోవాలి అన్నాను. పోయేదాకా ఆయన అదే నమ్మారు.

నిన్న మనవరాలు బందరు వచ్చి, నేను వద్దంటున్నా వెతికి ఫొటో బయటికి తీసింది. నవ్వుతుందని తల వంచుకున్నాను. అది మాత్రం కథంతా విని, కంప్యూటర్లో ఆ పరికిణీ తీయించేస్తా అమ్మమ్మా, నీ మోకాళ్లు చూడాలి అంది. నేను గట్టిగానే కసిరాను. నాన్నగారు ఏరికోరి వేయించిన అంచు ఎలా చెరిపించను?

అలాగే తీసుకెళ్లింది. ఇప్పుడు గుడివాడ సెంటర్లో దాని మోకాళ్ల పక్కన నా పరికిణీ, ఎవరూ నవ్వడం లేదట. ఎంత మారిపోయిందో కాలం! నాకు మాత్రం, కాలికి తొడగని ఆ కాన్వాసు బూట్లు గుర్తొస్తే, గోడ మీదున్న నాన్నగారి ఫొటో వైపు చూడటానికి ఇప్పటికీ మొహం చెల్లదు.