చెడిన ఒక్కపొద్దు

కాలేజీలో వాలీబాల్ స్కోరు రాసే పని నాకు రావడానికి కారణం ఆట తెలియడం కాదు, మాట్లాడకపోవడం. అంతకుముందు రాసినవాళ్ళు పాయింటు పోయినప్పుడల్లా రెఫరీతో వాదించేవారట. "ఈ పిల్లయితే నోరెత్తదు, అక్షరం కూడా గుండ్రంగా ఉండాది," అని పీడీ సారు నన్ను స్కోరు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నాకూ అది నచ్చింది. అక్కడ కూర్చున్న మనిషిని ఎవరూ పలకరించరు. ఆట ఆగినప్పుడు ఒళ్ళో ఉన్న పుస్తకం తెరుచుకోవచ్చు.

మా ఉదయగిరి కాలేజీకీ ఆత్మకూరు కాలేజీకీ ఏటా రెండు ఆటలు జరుగుతాయి, ఒకటి మా దగ్గర, ఒకటి వాళ్ళ దగ్గర. కప్పు చిన్నదే, కేకలు మాత్రం పెద్దవి. చూడటానికి వచ్చే మా మగపిల్లలకు ఆట కంటే అవతలి జట్టును ఏడిపించడం మీదే ధ్యాస. అవతలి పిల్లవాడి నుదుట నామం కనిపిస్తే, వాడు సర్వీసుకు బంతి ఎత్తగానే "గోవిందా గోవింద" అని గుంపుగా అంటారు. మెడలో సిలువ కనిపిస్తే "హల్లెలూయా". బంతి నెట్‌కు తగిలిందంటే, "ప్రార్థన చాల్లేదురా, ఇంకోసారి మోకాళ్ళెయ్యి." ఆత్మకూరు వాళ్ళు కూడా మా జట్టును ఇట్లాగే ఏడిపిస్తారు. ఎవడు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడో ముందుగా కనిపెట్టినవాడికి గుంపులో మంచి పేరు. ఇందులో ద్వేషం ఉందని వాళ్ళెవరూ అనుకోరు. సరదా అంటారు.

ఆ గుంపుకు గొంతు మా తమ్ముడిది. అదే కాలేజీలో నాకంటే ఒక ఏడాది వెనక చదువుతున్నాడు. బజారులో మాది కిరాణా కొట్టు, దాని వెనక వీధిలో మసీదు. తమ్ముడికి చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా వచ్చాయి. అవ్వ వాణ్ణి అనుమసముద్రంపేట దర్గాకు తీసుకుపోయింది. జ్వరం వచ్చినా, పరీక్ష తప్పినా, కొట్లో గిరాకీ పడిపోయినా ఆమె మమ్మల్ని అక్కడికే తీసుకుపోయేది. చివరకు మాటలు వచ్చాయి. అయితే వాడికి సొంత మాటల కంటే ఎదుటివాళ్ళ గొంతులే ముందు వచ్చాయి. బస్సు కండక్టరు, గుడి మైకులో ప్రసాదం గురించి చెప్పే ఆయన, ఆదివారం పాస్టరు, అందరూ మా ఇంట్లో వినిపించేవారు. అజాన్ కూడా. బియ్యం బస్తా మీద నిలబడి చెవుల మీద చేతులు పెట్టుకుని వాడు అజాన్ ఇస్తుంటే, సరుకులకు వచ్చిన మసీదు వీధి వాళ్ళు నవ్వి చేతిలో చాక్లెట్ పెట్టేవారు. ఒకరోజు మసీదులో అజాన్ ఇచ్చే ముసలాయనే ఉప్పు కోసం వచ్చి, ఆగి, చివరిదాకా విన్నాడు.

"గొంతు బాగుండాది నాయనా. ఆ చివర మాత్రం అంత సాగదీయబాకు," అన్నాడు.

తమ్ముడు సాగదీయడం మానేశాడు. మా ఇంట్లో అది ఎప్పుడూ ఎగతాళి కాదు.

ఆ సంవత్సరం మా దగ్గర జరగాల్సిన ఆట రంజాన్ నెలలో పడింది. ఆత్మకూరు జట్టులో గట్టిగా కొట్టేవాడు ఒక పొడుగాటి అబ్బాయి. అనుమసముద్రంపేట నుంచి రోజూ బస్సులో కాలేజీకి వస్తాడని వాళ్ళ సారు మా సారుతో చెబుతుంటే విన్నాను. మొదటి విరామంలో అందరూ నీళ్ళు తాగారు, అతను తాగలేదు. మా వాళ్ళకు అంతే చాలు.

"భాయ్, గోలీసోడా చల్లగుండాది. ఒక్క గుక్క తాగు, ఎవరికీ చెప్పం."

"తొందరగా ఓడిపోరా, మసీదులో ఇఫ్తారు గంజి అయిపోతా ఉండాది."

అతను సర్వీసుకు నిలబడినప్పుడల్లా వెనక గుంపంతా చెవుల మీద చేతులు పెట్టుకునేది. అతను అటు చూడలేదు. బంతిని మాత్రం ముందుకంటే గట్టిగా కొట్టాడు. చెరి రెండు సెట్లు గెలిచారు. ఐదోది మిగిలింది.

మా ఊరికి పడమటి వైపు దుర్గం కొండ అడ్డం. సాయంత్రం సూర్యుడు దాని వెనక్కి పోగానే గ్రౌండంతా నీడ పడుతుంది కానీ నిజంగా పొద్దుగూకడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. మాకు అది అలవాటు. కొండలు లేని ఊరి నుంచి వచ్చినవాడికి మాత్రం పొద్దు పోయినట్టే ఉంటుంది. బంతిలో గాలి తగ్గిందని రెఫరీ ఆట ఆపాడు. పంపు కోసం ఎవరో ఆఫీసు గదికి పోయారు. ఆ అబ్బాయి వచ్చి నా బల్ల పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు. సంచిలో నుంచి చిన్న స్టీలు డబ్బా, నీళ్ళ సీసా తీసి పక్కన పెట్టుకున్నాడు. డబ్బాలో ఖర్జూరాలు. వాళ్ళ ఫోన్లన్నీ వాళ్ళ సారు దగ్గర ఉన్నాయి. సారు గేటు దగ్గర టీ తాగుతున్నాడు.

"ఇక్కడికి అజాన్ వినిపిస్తాదా అక్కా?" అని నన్ను అడిగాడు.

నేను తల ఊపాను. వినిపిస్తుంది కూడా.

మా తమ్ముడు అప్పుడు మైకు గదిలో ఉన్నాడు. ఆట ఆగినప్పుడల్లా జనాన్ని నవ్వించమని వాడికి మైకు ఇచ్చేవారు. ఆ గదికి కిటికీ వెనక వైపే ఉంది. అక్కణ్ణించి కోర్టు కనిపించదు. గది పైన రేకు మీద హారన్ స్పీకరు కట్టి ఉంది.

అందులోంచి అజాన్ మొదలైంది. చివర సాగదీయకుండా, ముసలాయన చెప్పినట్టే. మా వైపు కూర్చున్న ఇద్దరు ముస్లిం అమ్మాయిలు చున్నీ తల మీదికి లాక్కున్నారు. బెంచీ మీది అబ్బాయి కళ్ళు మూసుకుని పెదాలు కదిపి, ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని సీసా ఎత్తాడు. సగం నీళ్ళు ఒక్కసారే తాగేశాడు. స్పీకరులో అదే గొంతు, అదే రాగం మీద ఇట్లా ముగించింది: "ఆత్మకూరు వాళ్ళకు ఆట అయిపోయినాది, అందరూ బస్సెక్కండీ."

జనం నవ్వారు. చాలాసేపు నవ్వారు.

అతని దవడ కదలడం ఆగింది. "ఇది మసీదుది కాదా?" అన్నాడు. నేను కాదని తల ఊపాను. అతను గింజను అరచేతిలోకి తీసుకుని పిడికిలి మూశాడు. డబ్బా మూత పెట్టి సంచిలో వేశాడు. చున్నీ కప్పుకున్న అమ్మాయిల్లో ఒకామె చున్నీ దించుకుని, లేచి ఇంటికి పోయింది. పీడీ సారు మైకు గది వైపు తిరిగి, "చాల్లేరా, కట్టెయ్," అన్నారు. అంతే అన్నారు.

ఐదో సెట్టు మధ్యలో బజారు వైపు నుంచి అసలు అజాన్ వినిపించింది, ముందు ముసలాయన దగ్గు, తర్వాత పిలుపు. రెఫరీ ఎవరూ చెప్పకుండానే విజిల్ ఊది ఆట ఆపాడు. ఆ అబ్బాయి నడుం మీద చేతులు పెట్టుకుని అది పూర్తయ్యేదాకా నిలబడి, వచ్చి మిగిలిన నీళ్ళు తాగాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఆ సెట్టు మేమే గెలిచాం.

రాత్రి అన్నాల దగ్గర నేను జరిగింది చెప్పాను. నేను మాట్లాడటమే అరుదు కాబట్టి అందరూ తినడం ఆపి విన్నారు.

"ఫోన్లో ఎవరన్నా తీసినారా?" అని నాయన మా తమ్ముణ్ణి అడిగాడు. కొట్టుకు వచ్చేవాళ్ళలో సగం మంది మసీదు వీధి వాళ్ళే.

"లేదు నాయనా. నేను గదిలో ఉండాను."

నాయన మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. అవ్వ కలపలేదు.

"నీళ్ళు తాగినాడా? నోట్లో ఏమన్నా ఏసుకున్నాడా?" అని నన్ను అడిగింది.

"ఖర్జూరం అవ్వా."

"ఒక్కపొద్దు చెడగొట్టినావు గదరా."

"వాడు బెంచీ మీద తినడానికి కూర్చోనుండాడని నాకెట్లా తెలస్తాది? బస్సెక్కమందామని ఇచ్చినాను. అంతే."

అవ్వ శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది. ఒకసారి అమ్మ మరిచిపోయి పొద్దున్నే ఉప్మా పెడితే, తానూ మరిచిపోయి తినేసి, దానికి బదులు ఆదివారం ఉంది. ఆ ఆదివారం ఇంటికి చుట్టాలు వచ్చి కోడిని కోసినా లెక్కచేయలేదు. కాబట్టి ఆమెకు ఈ సంగతిలో మతం కంటే ముందు కనిపించింది అతను మళ్ళీ ఒకరోజు ఎండాలి కదా అన్నది.

"ఆ పిల్లోడు మళ్ళీ ఎప్పుడుంటాడో కనుక్కో. ఆ రోజు నువ్వూ ఉండు," అంది.

"నేనా? సాయిబుల ఒక్కపొద్దు నేనెందుకుండాల?"

"కడుపు నీదేగా, ఒక్కపొద్దు ఎవరిదైతే నీకేంది."

పండగ అయిపోయాక రెండో ఆటకు ఆత్మకూరు పోయాం. బస్టాండు దగ్గర దిగగానే తమ్ముడు రెండు కారం దోసెలు తిన్నాడు. గ్రౌండు దగ్గరికి వచ్చాక నా పక్కకు చేరి, "నువ్వు కూడా రా అక్కా," అన్నాడు.

"నేనేం మాట్లాడతాను?"

"మాట్లాడబాకు. పక్కన ఉండు చాలు."

వందమంది ముందు మైకు పట్టుకునేవాడికి ఒక్క మనిషి దగ్గరికి పోవాలంటే కాళ్ళు రాలేదు. ఆ అబ్బాయి బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు.

"భాయ్," అని తమ్ముడు మొదలుపెట్టి, ఆగి, "అన్నా," అన్నాడు.

అతను తలెత్తి వాడి గొంతు విని, "మైకు నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

"బాగా ఇస్తావు."

అది కోపంగానూ అనలేదు, నవ్వుతూనూ అనలేదు. తమ్ముడు అవ్వ నేర్పినట్టుగా అడిగేశాడు. "ఆ రోజు చెడింది గదా. దానికి బదులు మళ్ళా ఎప్పుడుంటావన్నా?"

"నీకెందుకు?"

"మా అవ్వ నన్ను కూడా ఉండమనింది."

అతను నిజమేనా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"ఈ అక్క తల ఊపితే నమ్మేది లేదు," అని అప్పుడు నవ్వాడు. తర్వాత లేసు ముడి బిగిస్తూ, "ఈ రోజే ఉండాను. ఆట రోజు పోయినాది, ఆట రోజే తీర్చుకుంటాను," అన్నాడు.

"ఈ రోజా? నేను ఇప్పుడే దోసెలు తిన్నానే."

"అయితే నువ్వు ఔట్. ఇంకో రోజు ఉండు. ఉన్నట్టు నాకు చెప్పబాకు."

ఎండ బాగా ఉంది. అతను మొదటి సెట్టులోనే రెండుసార్లు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. విరామంలో నీళ్ళ సీసా చేతిలో పట్టుకుని, మూత తీయకుండా కూర్చున్నాడు. మా గుంపుకు అర్థం కాలేదు.

"రంజాన్ అయిపోయినాది గదరా. వాడు నీళ్ళు తాగడేంది?"

"రోగమేమో."

ఏమని ఏడిపించాలో తెలియక ఒకడు చెవుల మీద చేతులు పెట్టి, తమ్ముడి వైపు తిరిగి, "ఏయ్, ఒకటి ఇయ్యరా," అన్నాడు.

"గొంతు బాగలేదు," అన్నాడు తమ్ముడు.

"పొద్దున్నుంచి వాగతానే ఉండావు గదరా."

"ఇప్పుడు పోయినాది."

ఆత్మకూరు గ్రౌండుకు పడమటి వైపు అడ్డమేమీ లేదు. సూర్యుడు చివరిదాకా కనిపిస్తూనే దిగాడు. ఆట నాలుగో సెట్టులో ఉంది. వాళ్ళ సారు టైమౌట్ అడిగినప్పుడు ఎర్రటి అంచు కూడా పోయింది. అతను బెంచీ మీద కూర్చుని ఈసారి సీసా మూత తీశాడు. ఊళ్ళో నుంచి అజాన్ మొదలైంది.

అతను ఆకాశం వైపు చూడలేదు. సీసా నోటి దగ్గరే ఆపి, మా వాళ్ళు కూర్చున్న వైపు తిరిగి తమ్ముణ్ణి వెతికాడు. తమ్ముడు అది చూశాడు. నోరు మూసే ఉన్నా, పైన అరచెయ్యి కూడా అడ్డం పెట్టి చూపించాడు. పిలుపు రెండోసారి కూడా ఊళ్ళో నుంచే వచ్చింది.

అతను కళ్ళు మూసుకుని పెదాలు కదిపి నీళ్ళు తాగాడు. నేను టైమౌట్ గడిలో గుర్తు పెట్టి, కొత్త సర్వీసు కోసం పెన్ను పట్టుకున్నాను.